కాపుగుట్ట మీద ఎండాకాలం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, ఎండాకాలం మొదట్లోనే ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో చప్పుడు ఆగిపోయింది. నూలు దొరకలేదు. ఈ ఇంట్లో ఒక మగ్గం, ఆ ఇంట్లో ఒక మగ్గం నిలిచిపోతూ నిలిచిపోతూ, చివరికి ఒకనాడు పొద్దున లేచేసరికి వీధంతా మూగబోయింది. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు అది చప్పుడని ఎన్నడూ తోచలేదు. ఆగినాక తెలిసింది.

సుంకన్న రోజూ మాదిరే మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకొని ఖాళీ మగ్గం ముందర కూర్చునేవాడు. పోగును అటూ ఇటూ తీసుకపోయే నాడెను పంచె కొనతో తుడిచి పక్కన పెట్టేవాడు. కాసేపటికి మళ్ళీ తీసి తుడిచేవాడు. ఆయన భార్య లక్ష్మక్క నూలు కండెలు చుట్టే రాట్నం ముందర కూర్చొని, చుట్టేదానికి ఏమీ లేక, ఇంట్లో ఊడ్చిన చోటే ఊడ్చేది. మాట్లాడుకుంటే తగువే వచ్చేది. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన అంటే, పని లేనోనికి నాలుక పొడుగైతాదని ఆమె. ఇక ఆ పూటంతా మాటలుండవు.

నిజానికి వాళ్ళిద్దరూ భయపడింది తగువుకు కాదు. వాళ్ళకు ఒక కూతురు ఉండేది. సుంకన్న తల్లి పేరే పెట్టుకున్నారు, నాగమ్మ అని. పిలిచేది నాగి అని. పలక పట్టే వయసన్నా రాకముందే జ్వరం వచ్చి పోయింది. దినాలైన మర్నాడు సుంకన్న మగ్గంలోకి దిగినాడు, లక్ష్మక్క రాట్నం తిప్పింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఒకరి ముందర ఒకరు పలకలేదు. పలకొద్దని ఎవరూ అనుకోలేదు కూడా. చప్పుడులో చప్పుడుగా యేండ్లు జరిగిపోయినాయి. ఇప్పుడు మగ్గం ఆగేసరికి, ఎదుటి మనిషి నోరు తెరిస్తే ఆ మాటే వస్తుందేమోనని ఒకరికొకరు జంకుతున్నారు.

అట్లాంటప్పుడు ఆదోని నుంచి కబురొచ్చింది. లక్ష్మక్క అక్క అంజనమ్మ మొగుడు తిక్కయ్య గుండ్ల మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడని.

"పోయి రా. మీ అక్క ఒగతే ఏం సేసుకుంటాది," అన్నాడు సుంకన్న.

"నీకు వంట?"

"ఏదో ఒగటి కాల్చుకుంటా."

బస్సు కదిలినప్పుడు లక్ష్మక్కకు ఊపిరి ఆడినట్టయింది. ఆయనకూ అంతే అయి ఉంటుందని తెలిసి, వెనక్కి తిరిగి చూడలేదు.

తిక్కయ్య అడవి గార్డు. ఆదోనికి అవతల, చిన్న పల్లెను ఒడిలో పెట్టుకున్నట్టుండే గుట్టకు ఆయన కాపలా. కొన్నేండ్ల కింద సర్కారు ఆ గుట్ట మీద గొడ్డలి పడకూడదనీ, మేకలు ఎక్కకూడదనీ, వేట కూడదనీ కట్టడి చేసింది. ఊరోళ్ళు దాన్ని కాపుగుట్ట అనడం మొదలుపెట్టినారు. మోళ్ళు చిగురేసినాయి. యాడికో పోయిన నెమళ్ళు తిరిగొచ్చినాయి. వాటి వెనకే కుందేళ్ళు, ఏదుపందులు, ఎలుగ్గొడ్లు.

లక్ష్మక్క పోయేసరికి తిక్కయ్య కాలికి వెదురు బద్దల కట్టుతో మంచం మీద ఉన్నాడు. నొప్పి గురించి కాకుండా నీళ్ళ గురించి మూలుగుతున్నాడు.

"పైన దొన ఎండిపోతాంది లక్ష్మీ. బండల నడుమ వాననీళ్ళు నిలిచే గుంత. వానల్లేక ఈ యేడు అడుగంటింది. నేనైతే సగం గుట్టకాడ చెలమలో ఊరే నీళ్ళను దినామూ మోసి పోస్తాంటి. పైన నీళ్ళు లేకపోతే గుట్టమీది ప్రాణులన్నీ ఊర్లోకి దిగుతాయి. దిగితే జనం కొట్టి సంపుతారు. ఇంకో మనిషిని పంపమని సెప్పి పంపినా. ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో."

"కడవ ఎత్తుకొని ఎక్కేదేగా బావా. నేను పోస్తా," అంది లక్ష్మక్క.

అంజనమ్మ చేటలోని జొన్నలు కింద పెట్టేసింది. "నీకు తిక్క పట్టిందా ఏమే? ఎలుగ్గొడ్లు తిరిగే గుట్ట అది. నాకు సాయం సేయను వచ్చినావా, అడివికి సాయం సేయను వచ్చినావా?"

"రెండూ సేస్తాలే అక్కా."

మర్నాడు వంట చేసిపెట్టి, రొట్టె, శెనక్కాయల పొడి కొంగున కట్టుకొని, చంకన కడవతో గుట్టెక్కింది. చెలమ దొరికింది. ఒక బండ పొట్ట కింద నీళ్ళు చల్లగా, ఉన్నాయో లేవో అన్నంత తేటగా ఊరి ఉన్నాయి. ముంత ముంతగా తోడి కడవ నింపుకొని, తంగేడు పొదల్లోంచి, ఏనుగులు పడుకున్నట్టుండే గుండ్ల సందుల్లోంచి పైకి పోయింది. దొనలో పచ్చటి బురద, దాని నడుమ అరచేతంత తడి. కడవ వంచితే నీళ్ళు బురద మీద పరుచుకొని, కాసేపు నురగై, తేటపడి, అందులోకి ఆకాశం దిగింది.

లక్ష్మక్క పక్కనున్న బండ నీడలో కూలబడింది. కింద నల్లరేగడి చేలు, దున్నకుండా, నోళ్ళు తెరుచుకొని. చేలకు అవతల ఎండమావులు. ఏరు లేనిచోట ఏరు పారుతున్నట్టు, ఊర్లన్నీ ఆ నీళ్ళలో తేలి పడవల్లా కదులుతున్నట్టు. గాలి వచ్చినప్పుడు ఎండిన గడ్డి ఒక పక్కకు ఒరిగి ఏదో చెప్పబోయి మానుకుంటుంది. అంతే. ఇంకేమీ లేదు.

ఆమెకు నలభై దాటినాయి. పుట్టింట్లో పదిమంది, అత్తింట్లో అంతకన్నా ఎక్కువ. వాళ్ళందరూ పోయినాక మొగుడు, మగ్గం. మనిషి అలికిడి లేనిచోట తానొక్కతే కూర్చోవడం ఆమె బతుకులో అదే మొదలు. భయమేస్తుందేమోనని కాచుకొని చూసింది. వేయలేదు. ఒళ్ళు తేలికైపోయింది. కండ్లు మూసుకుంటే ఎండ రెప్పల వెనక ఎర్రగా, పసుపుగా పోగులు పోగులుగా కదిలింది. నిద్రపోయిందో మేలుకొనే ఉందో ఆమెకే తెలీదు. లేచేసరికి నీడ అటుపక్క నుంచి ఇటుపక్కకు మారి ఉంది. దొన అంచున తడి అడుగులున్నాయి, ఏ పిట్టవో.

ఆ పొద్దు నుంచి ఆమె దినామూ పోయింది. తిక్కయ్య మంచం మీద నుంచే పని నేర్పినాడు. మంట పాకకుండా గడ్డి చెక్కి ఎట్లా బాట తీయాలో, ఏ గింజలు ఏరి పెట్టుకుంటే వానకు మొలుస్తాయో. ఆమె సీతాఫలం గింజలు, కానుగ గింజలు, రాలిన వేపగింజలు ఏరి మూట కట్టింది.

ఒకనాడు తిక్కయ్య పై అధికారి, అడవి రేంజరు వచ్చినాడు. కోస్తా దిక్కు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. గుట్ట మీద ఆడమనిషిని చూసి ఎవరమ్మా నువ్వని అడిగినాడు. చెప్పింది.

"కూలీ ఇచ్చే ఏర్పాటు లేదమ్మా. ఊరికే ఎందుకీ కష్టం?"

లక్ష్మక్క కడవ అంచు తడుముకుంది. "ఈడ ఉంటే బాగుంటాది సారూ," అంది.

ఆయన దొన దిక్కు చూసినాడు. తర్వాత టోపీ తీసి, ఆమె కూర్చునే బండ మీదనే కూర్చున్నాడు. ఎండ బండ మీదికి పాకిందాకా లేవలేదు. పోయేటప్పుడు, "తిక్కయ్య లేచిందాకా నువ్వే చూసుకో. జాగ్రత్త," అన్నాడు.

ఎలుగ్గొడ్డు వచ్చింది ఒక మిట్టమధ్యాన్నం. అవి పొద్దుగూకినాక తిరుగుతాయని తిక్కయ్య చెప్పి ఉన్నాడు. దప్పికకు వేళ తెలియలేదేమో. లక్ష్మక్క నీళ్ళు పోసి, రెండు గుండ్ల సందులో చల్లటి ఇరుకులో ఒదిగి కూర్చొని ఉంది. గాలి దొన దిక్కు నుంచి ఆమె మీదికి వీస్తోంది. గడ్డిలో నల్లటి ఊగులాట ఒకటి కనిపించింది. అది బోదగడ్డి తోసుకుంటూ, తల కిందికి వేసుకొని, ఏదో మరిచిపోయి వెతుక్కుంటున్న ముసలమ్మలా నడిచి వచ్చింది. దాని వీపు మీద, బొచ్చులో వేళ్ళు దోపుకొని, పిల్ల.

లక్ష్మక్కకు గుండె ఆగింది అనేది పాత మాట. ఆమె గుండె ఆగలేదు, ఇంకా మెల్లగా కొట్టుకుంది, చూసేదానికి అడ్డం రాకూడదన్నట్టు. తల్లి వంగి నీళ్ళు తాగింది. పిల్ల జారి నీళ్ళలో పడి కుయ్యిమంది. తల్లి మూతితో దాన్ని ఒడ్డుకు నెట్టింది. తడిసిన పిల్ల ఒళ్ళు విదిలించుకొని, తల్లి కాలు పట్టుకొని, వెనక నుంచి ఎగబాకి మళ్ళీ వీపు మీద కూర్చుంది. కూర్చొని అటూ ఇటూ చూసింది. గుండ్ల సందులోకి కూడా చూసింది. ఏమనుకుందో ఏమో, తల్లి మెడ మీద మొహం పెట్టుకుంది. వచ్చినంత మెల్లగా వెళ్ళిపోయినాయి. గడ్డి మూసుకుంది.

"నాగీ," అంది లక్ష్మక్క.

తన గొంతు తనకే కొత్తగా వినపడింది. ఇంకెవరో పిలిచినారేమో అనుకుంది. మళ్ళీ పిలిచింది. ఏమీ కాలేదు. ఆకాశం విరిగి పడలేదు. ఏడుపు వస్తుందనుకుంది, అదీ రాలేదు. వచ్చింది మాట. "నాగీ, సూసినావా, పిల్ల ఎట్ల కూసుందో," అని.

ఇక దినామూ మాటలే. పెద్ద మాటలేం కాదు. మీ పెద్దమ్మ ఈరోజు రొట్టె మాడ్చింది, మీ పెద్దనాయన కట్టు కింద దురద అని పుల్లతో గోక్కుంటాండాడు, నెమలి ఈక దొరికింది సూడు, ఇట్లాంటివి. నడుస్తూ చెప్పేది, నీళ్ళు తోడుతూ చెప్పేది. బిడ్డ జవాబు చెప్పినట్టు ఆమెకు ఎన్నడూ అనిపించలేదు. కానీ చెప్పినవన్నీ చేరుతున్నట్టుండేది.

ఆ మాటలు మొదట విన్నది హులిగమ్మ. పెద్దకడుబూరు దిక్కు నుంచి పచ్చిక వెదుక్కుంటూ మేకలు తోలుకొచ్చిన మనిషి. నోరు పెద్దది. చెలమకాడికి మేకలతో ఎక్కివస్తుంటే లక్ష్మక్క చేతులు చాపి అడ్డం నిలబడింది.

"ఈ గుట్టకు మేకలు రాకూడదు తల్లీ."

"ఆ మాట మేకలకు సెప్పక్కా. ఇంటే నేను తోలుకపోతా."

"ఆకు ముట్టొద్దు. నీళ్ళు కావల్లంటే నేను పోస్తా."

ఎత్తుకున్న కడవను గుట్ట మొదట్లోకి దింపి, ఒక రాతి పళ్ళెంలో వంచింది. మేకలు ఒకదాని మీద ఒకటి పడి తాగినాయి. ఆ కడవ పైకి చేరలేదు. హులిగమ్మ అది చూసింది. మర్నాడు మేకలను కిందనే చింతచెట్టు నీడలో వదిలి, తానొక కడవ తెచ్చుకొని ఎక్కి వచ్చింది.

"నువ్వు ఎవరితో మాట్లాడ్తాండావక్కా?"

"నా బిడ్డతో."

"యాడుంది?"

"లేదు. పోయింది, సిన్నప్పుడే."

"ఓ," అంది హులిగమ్మ. తోడిన ముంతను కడవలో పోసి, మళ్ళీ ముంచింది. "పేరేమి?"

"నాగమ్మ."

"నాగమ్మా, మీయమ్మకు రెండు కడవలు ఎత్తుకునే సత్తువ లేదు, ఒగటి నేను తీసుకుంటా," అని గాలిలోకి చెప్పి, కడవ నెత్తికెత్తుకొని ముందు నడిచింది. లక్ష్మక్క వెనకనే పోతూ కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే కావచ్చు.

ఎండలు ముదిరి, ఒక్కొక్క మబ్బు ముక్క వచ్చి చూసి పోతున్న రోజుల్లో సుంకన్న వచ్చినాడు. నూలు వచ్చింది. వీధిలో మగ్గాలు కదిలినాయి. కండెలు చుట్టే మనిషి లేకపోతే నేసేవాడు ఏం నేస్తాడు? ఆ మాటే చెప్పి పిలుచుకొని పోదామని వచ్చినాడు. ఇంట్లో లేదు, గుట్ట మీద ఉంది అని అంజనమ్మ చెప్పింది. "నువ్వే సెప్పి తీసుకపో నాయనా, నా మాట ఇనదు."

మగ్గం గుంతలో కూర్చొని కూర్చొని ఆయన కాళ్ళు ఎక్కుడుకు అలవాటు పోయినాయి. రొప్పుకుంటూ, చీదరించుకుంటూ ఎక్కినాడు. పైకి చేరేసరికి భార్య గొంతు వినపడింది. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆమె నవ్వగా విని ఎంత కాలమైందో. గుండు పక్కన నిలబడి చెవి పెట్టినాడు. "మీ నాయన ఈ పాటికి రొట్టె కాల్చుకొని సెయ్యి కాల్చుకొని ఉంటాడు నాగీ," అంటోంది లక్ష్మక్క.

సుంకన్న అక్కడే గుండుకు ఆనుకొని కూర్చున్నాడు. ఆయన కాలి కింద రాయి దొర్లింది. లక్ష్మక్క తిరిగి చూసింది.

ఆమె కడవ దింపి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఇన్నావా?"

"ఇన్నా."

"నాకు తిక్క పట్టిందనుకుంటాండావా?"

ఆయన తల అడ్డంగా ఊపినాడు. అరచేతులు చూసుకుంటూ, మగ్గం ముందర మాట్లాడినంత నెమ్మదిగా అన్నాడు: "నేను దినామూ పిలుస్తా లక్ష్మీ. నాడె అట్ల పోయినప్పుడు ఒగసారి, ఇట్ల వచ్చినప్పుడు ఒగసారి. మగ్గం సప్పుడులో నీకు ఇనపడదు కదా అని గట్టిగానే పిలుస్తాంటి."

లక్ష్మక్క ఆయన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. గోడకు ఇవతల రాట్నం దగ్గర తాను, అవతల మగ్గం దగ్గర ఆయన.

"ఇన్నేండ్లా?"

"ఇన్నేండ్లు."

ఆమె అప్పుడు ఎలుగ్గొడ్డు సంగతి చెప్పింది. పిల్ల నీళ్ళలో పడడం, తల్లి వీపు ఎక్కడం. సుంకన్న వింటూ వింటూ నవ్వినాడు. "నాగి కూడా అంతే. దేవరగట్టు జాతరకు ఎత్తుకపోయినా సూడు, నువ్వు జ్వరంతో ఇంట్లో పడుకున్న యేడు. జనం తోసుకుంటాంటే మెడ మీదికి ఎక్కించుకున్నా. రెండు సేతులతో నా జుట్టు పట్టుకొని, గుర్రాన్ని తోలినట్టు అటు పో, ఇటు పో అని. అందరికన్నా ఎత్తులో ఉన్నానని ఎంత గర్వమో దానికి. దివిటీలు సూసి, నాయనా, నక్షత్రాలు నడుస్తాండాయి అనింది."

"నాకు ఎన్నడూ సెప్పలేదే!"

"సెప్పాలని ఇంటికొచ్చినా. నువ్వు నిద్రపోతాండావు. తర్వాత దానికి జ్వరం…"

అప్పుడు వచ్చింది ఏడుపు, ఇద్దరికీ. దాన్ని ఎవరూ ఆపుకోలేదు. హులిగమ్మ కడవతో పైకి రాబోయి, గుండ్ల దగ్గర ఆగి, వచ్చిన దారినే దిగిపోయింది.

ఆ మధ్యాన్నం సుంకన్న బండ నీడలో వెల్లకిలా పడుకొని నిద్రపోయినాడు. పగటిపూట ఆయన నిద్రపోవడం లక్ష్మక్క పెండ్లయిన నాటి నుంచి చూసి ఎరగదు. మీద నుంచి మబ్బు నీడలు పోతున్నాయి. ఆయన మొహం మీద ఒకసారి వెలుగు, ఒకసారి నీడ. ఊర్లు ఎండమావుల్లో తేలుతున్నాయి. ఏది నిద్ర, ఏది కల, ఏది గుట్ట అని విడదీసి చెప్పేదానికి లేదు. ఆమె ఆయన పక్కనే కూర్చొని ఈగలు తోలుతూ ఉండిపోయింది.

లేచినాక ఆయన ఇంటికి పోదామనలేదు. "వానొచ్చిందాకా ఉందాంలే. నూలు యాడికీ పోదు," అన్నాడు. అంజనమ్మ నెత్తి కొట్టుకుంది.

ఎలుగ్గొడ్డును చూడాలని ఆయనకు ఆశ. రోజూ గుండ్ల సందులో కూర్చొని చూసేవాడు. రాలేదు. నెమళ్ళు వచ్చినాయి, ఒక ఏదుపంది గలగలమని పోయింది. తొలివాన ఒక సాయంత్రం ఆదోని దిక్కు నుంచి గోడలాగా నడిచి వచ్చింది. మట్టి వాసనకు గుట్టంతా లేచి కూర్చున్నట్టయింది. మర్నాడు హులిగమ్మతో కలిసి ముగ్గురూ గింజల మూట విప్పి, గునపంతో బండల సందుల మట్టిలో గుంతలు చేసి నాటినారు. తిక్కయ్య చేతికర్రతో గుట్ట మొదటి దాకా కుంటుకుంటూ వచ్చి, అక్కడ కాదు, ఇంకా లోతుగా అని కింద నుంచి కేకలేసినాడు. పైకి సగం మాటలే చేరినాయి.

దొన నిండింది. దాని ఒడ్డు బురదలో సుంకన్న అడుగులు చూసినాడు, మనిషి పాదంలాగా, పొడుగాటి గోర్లతో. పెద్దవే ఉన్నాయి. చిన్నవి ఎంత వెదికినా లేవు.

"ఇంకా దిగలేదు. వీపు మీదనే ఉంది," అన్నాడు. ఆయన మొహం చూసి లక్ష్మక్క కూడా వెదకడం మానుకుంది.

తిక్కయ్య పనిలోకి ఎక్కినాడు. మళ్ళీ ఎండలు ముదిరితే చెలమ సంగతి నేను చూస్తాలే అని హులిగమ్మ మాటిచ్చింది. నాటిన గింజల్లో చాలావాటిని చీమలు తినేసినాయి, కొన్ని మొలిచి ఎండినాయి. సీతాఫలం మటుకు బండల సందుల్లో పట్టుకుంది. మరుసటి యేడు, ఆ పై యేడు కూడా ఎండాకాలం రాగానే మొగుడూ పెండ్లాలు ఇంటికి తాళం వేసి కడవలు మోసేదానికి పోయినారు. ఎందుకు పోతారని వీధిలోవాళ్ళు అడిగితే సుంకన్న, "గాలికి," అనేవాడు.

ఆ మొదటిసారి తిరిగొచ్చేటప్పుడు బస్సు ఎమ్మిగనూరు ఇంకా కొంత దూరముందనగా వంక కాడ నిలిచిపోయింది. వంక నిండుగా పారుతోంది. కొందరు బస్సులోనే కూర్చున్నారు. వీళ్ళిద్దరూ దిగి, నీళ్ళు తక్కువున్న చోట దాటి, చేల గట్ల వెంబడి నడిచినారు. నల్లరేగడి తడిసి బంకైంది. అడుగు తీస్తే పాదానికి ముద్ద, ఇంకో అడుగుకు ఇంకో ముద్ద. నడిచేకొద్దీ ఇద్దరూ పొడుగైపోతున్నారు. లక్ష్మక్క జారి ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకొని వదల్లేదు.

"హులిగమ్మకు ఒక చీర నేసి పంపుదామా?" అన్నాడు సుంకన్న. "ఏం రంగైతే బాగుంటాది?"

"ఆమెనే అడగల్ల," అంది లక్ష్మక్క, ముద్దకట్టిన కాలిని గట్టు రాయికి గీకుతూ.